పన్ను పోయింది సరే, పోగొట్టిన జబ్బు పోయిందా?

గుంటూరు నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఆనవాళ్ళు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆయనకి 56 ఏళ్ళు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. పదేళ్ళుగా చిగుళ్ళ జబ్బు ఉంది. మొదట్లో బ్రష్ చేస్తే రక్తం వచ్చేది, పట్టించుకోలేదు. తర్వాత పళ్ళు కదలడం మొదలైంది. ఆరేళ్ళ కిందట ఒక డాక్టరు చిగురు తెరిచి శుభ్రం చేసే ఆపరేషన్ చేసి, మూడు నెలలకోసారి రమ్మన్నారు. ఈయన రెండుసార్లు వెళ్ళి మానేశారు. మూడేళ్ళ కిందట కింద కుడివైపు చివరి దవడపళ్ళు రెండూ పోయాయి. వాటి వెనక జ్ఞానదంతం కూడా లేదు. ఈ వేసవిలో పైన ఎడమవైపు కోరపన్ను పక్కది తీయించారు. కింద ముందుపళ్ళు రెండు కదులుతున్నాయి. షుగర్ ఉంది, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పోయినసారి 8.4 వచ్చింది.

ఇంకో ఐదు నెలల్లో, మాఘమాసంలో అమ్మాయి పెళ్ళి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు "నాన్నా, పెళ్ళిలోపు పళ్ళు పెట్టించుకో, డబ్బు నేను పంపిస్తాను" అన్నాడు. విజయవాడలో ఒక క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి, కదిలే ముందుపళ్ళు రెండూ కూడా పీకేసి మొత్తం ఐదు ఇంప్లాంట్లు (దవడ ఎముకలో స్క్రూ బిగించి దాని మీద పెట్టే పళ్ళు) పెడతామని, రెండు లక్షల ఇరవై వేలు అవుతుందని, ఆలస్యం చేస్తే ఎముక కరిగిపోతుందని చెప్పారు. ఈయన పదివేలు అడ్వాన్స్ కట్టి వచ్చారు. తర్వాత అనుమానం వచ్చి గుంటూరులో ఒక డాక్టరమ్మకి చూపిస్తే, "కొన్ని పళ్ళకీ చిగురుకీ మధ్య 6 మిల్లీమీటర్ల లోతు దాకా సందులున్నాయి, రక్తం వస్తోంది, ముందు జబ్బు అదుపులోకి రావాలి" అన్నారు. తెనాలిలో ఉండే తోడల్లుడికి పెట్టిన ఇంప్లాంట్ నాలుగేళ్ళకే చీము పట్టి తీసేశారట. ఆ భయం ఒకటి.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదంటూ రాశారు. రోజుకి ఏడెనిమిది సిగరెట్లు తాగుతున్నారు. నాలుగేళ్ళ కిందటే మానేశానని ఇంట్లో చెప్పారు. ఇద్దరు డాక్టర్లకీ అదే చెప్పారు. "కొడుకు కష్టార్జితం బూడిదలో పోసిన పన్నీరవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పెట్టించుకోవాలా వద్దా, ఒక్క మాటలో చెప్పండి. ఇద్దరిలో ఎవరి మాట నిజం? పెట్టిస్తే ఎన్నేళ్ళుంటాయి? సిగరెట్ సంగతి చెప్పక తప్పదా?" అని అడిగారు. చివర్లో, "పెళ్ళిలో వియ్యాలవారి పక్కన కూర్చుని ఒకవైపే నములుతూ తినాలంటే సిగ్గుగా ఉంది" అని ఒక వాక్యం.

ఆ చివరి వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఇరవై ఏళ్ళకి పైగా చిగుళ్ళ వైద్యం చేస్తున్నదాన్ని. పళ్ళు పోయినవాళ్ళు నొప్పి గురించి కంటే నలుగురిలో తినడం గురించే ఎక్కువ బాధపడతారు. అందుకే ముందుగా పెళ్ళి సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మిమ్మల్ని తొందరపెడుతున్నది అదొక్కటే.

మీకు పోయిన మూడు పళ్ళలో రెండు కింద చివరన ఉన్నాయి. అవి ఫోటోలో కనపడవు, మాట్లాడినా కనపడవు. నవ్వితే కనపడేది పైన కోరపన్ను పక్క ఖాళీ ఒక్కటే. దానికి తీసి పెట్టుకునే చిన్న తాత్కాలిక పన్ను చేయించుకోవచ్చు. రెండు మూడు సిట్టింగుల పని. కదిలే ముందుపళ్ళని సన్నని తీగతో లోపలివైపు నుంచి పక్కపళ్ళకి కలిపి కట్టే పద్ధతి ఉంది. అలా కడితే అవి బిగువుగా ఉంటాయి, బయటికి కనపడవు. ఈ రెండూ చేయించుకుంటే పెళ్ళి పందిట్లో నోరారా నవ్వచ్చు. నమలడం మటుకు అప్పటికీ ఎడమవైపే ఎక్కువ ఉంటుంది. ఈ ఐదు నెలల్లో మీ నోటికి సరిగ్గా చేయగలిగింది ఇంతవరకే. అది తక్కువేం కాదు.

ఇక ఇంప్లాంట్ల సంగతి. పన్ను పోతే ఎముకలో టైటానియం స్క్రూ బిగించి క్యాప్ పెడతారు, పుచ్చిపోయేది ఏమీ లేదు కాబట్టి ఇక జబ్బు రాదు అని చాలామంది అనుకుంటారు. టైటానియం పుచ్చదు, నిజమే. ఎముక టైటానియాన్ని తనలో కలుపుకుంటుందని కనిపెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1965లో మొదటి మనిషికి ఇంప్లాంట్లు పెట్టారు. ఆ మనిషి వాటితోనే నలభై ఏళ్ళ పైన బతికి 2006లో చనిపోయాడు. వస్తువు నాణ్యత మీద నాకు అనుమానం లేదు. అయితే చిగుళ్ళ జబ్బు పంటిని తినదు, పంటిని పట్టుకున్న ఎముకని తింటుంది. ఇంప్లాంట్‌ని పట్టుకునేది కూడా ఆ ఎముకే.

పైగా ఇంప్లాంట్‌కి ఒక బలహీనత ఉంది. సొంత పంటికీ ఎముకకీ మధ్య సన్నని నారపోగుల పొర ఉంటుంది. చిగురు కూడా ఆ పోగులతో పంటి వేరుకి కుట్టినట్టు అతుక్కుని ఉంటుంది. పాచి, గార చేరి వాపు వస్తే అది లోపలికి దిగకుండా ఈ కుట్టు కొంతకాలం ఆపుతుంది. ఇంప్లాంట్‌కి ఆ కుట్టు లేదు. దాని మెడ చుట్టూ చిగురు కాలరు బిగించినట్టు ఉంటుంది, అంతే. అక్కడ రక్తప్రసారం కూడా తక్కువ. అందుకే ఇంప్లాంట్ దగ్గర వాపు మొదలైతే ఎముక దాకా తొందరగా వెళ్తుంది, వెళ్ళేకొద్దీ వేగం పెరుగుతుంది. ఇంకో కష్టం ఏమిటంటే నొప్పి ఉండదు. మీ తోడల్లుడిగారిని అడిగి చూడండి, చీము కనపడేదాకా ఆయనకి నొప్పి తెలిసి ఉండదని నా అనుమానం.

ఇంప్లాంట్ చుట్టూ ఎముక తినే ఈ జబ్బుని పెరి-ఇంప్లాంటైటిస్ అంటారు. 2017లో అమెరికా, యూరప్ చిగుళ్ళ వైద్యుల సంఘాలు కలిసి కూర్చుని, అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ చూసి దీనికి బలమైన కారణాలుగా మూడు తేల్చాయి. ఇదివరకు చిగుళ్ళ జబ్బు ఉండటం, నోరు సరిగ్గా శుభ్రం చేసుకోకపోవడం, ఇంప్లాంట్ తర్వాత క్రమం తప్పకుండా చూపించుకోకపోవడం. మొదటిది మీ చరిత్ర, దాన్ని మార్చలేం. మూడోది మీరు ఆరేళ్ళ కిందట చేసిన పని. మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. నొప్పి తగ్గగానే రావడం మానేసేవాళ్ళే నా దగ్గర కూడా ఎక్కువ. అయితే మీ ప్రశ్నకి జవాబు చాలావరకు ఇక్కడే ఉంది కాబట్టి చెప్పకుండా ఉండలేను.

ఎన్నేళ్ళుంటాయని అడిగారు. చిగుళ్ళ జబ్బుకి పూర్తిగా వైద్యం చేయించుకుని, ఆ తర్వాత కూడా క్రమంగా చూపించుకునేవాళ్ళలో పదేళ్ళ తర్వాత వందకి తొంభై పైన ఇంప్లాంట్లు నోట్లోనే ఉంటున్నాయి. ఇది మంచి మాటే. కాకపోతే నోట్లో ఉండటం వేరు, ఆరోగ్యంగా ఉండటం వేరు. స్వీడన్‌లో దాదాపు 600 మందిని ఇంప్లాంట్లు పెట్టిన తొమ్మిదేళ్ళకి పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. వందలో 14, 15 మందికి ఎముక చెప్పుకోదగ్గంత పోయింది. చిగుళ్ళ జబ్బున్నవాళ్ళలో ఆ ముప్పు మిగతావాళ్ళ కంటే బాగా ఎక్కువగా కనపడింది. కాబట్టి మీకు ఇన్నేళ్ళని సంఖ్య చెప్పేవాళ్ళెవరైనా సరే, మీ చిగుళ్ళ లోతు కొలిచి, మీ షుగర్ కాగితం చూసి, మీరు మూడు నెలలకోసారి వస్తారో రారో తెలుసుకున్నాకే చెప్పాలి.

ఇద్దరు డాక్టర్లలో ఎవరి మాట నిజమంటారా? ఇద్దరూ చూసిన చోట్లు వేరు. విజయవాడ క్లినిక్ వారు ఖాళీ ఉన్న చోట ఎముక చూశారు. గుంటూరు డాక్టరమ్మ మిగిలిన పళ్ళ పక్కన జబ్బు చూశారు. చిగుళ్ళ వైద్యం అయ్యాక కూడా 5 మిల్లీమీటర్లు, అంతకంటే లోతు సందులు రక్తం కారుతూ మిగిలిపోతే, అలాంటి నోళ్ళలో ఇంప్లాంట్లు చెడిపోవడం ఎక్కువ. ఆ సందుల్లో ఉన్న క్రిములే కొత్త ఇంప్లాంట్ మీదికి చేరతాయి. అందుకే "ముందు జబ్బు" అన్న మాట వైపే నేను మొగ్గుతాను.

కానీ "ఆలస్యం చేస్తే ఎముక కరిగిపోతుంది" అన్న భయం మీ ఉత్తరంలో మూడుసార్లు వచ్చింది. దాన్ని తీసేయాలి. పన్ను తీసిన చోట ఎముక కరిగే మాట నిజమే. మొదటి ఏడాదిలో వెడల్పు దాదాపు సగం తగ్గుతుంది. అందులో మూడింట రెండు వంతులు మొదటి మూడు నెలల్లోనే జరిగిపోతుంది. మీ కింద పళ్ళు పోయి మూడేళ్ళయింది. పైది తీసి నాలుగు నెలలైంది. కరగాల్సింది చాలావరకు కరిగిపోయింది. ఇంకో ఆరేడు నెలలు ఆగితే అక్కడ మీరు కొత్తగా పోగొట్టుకునేది కొద్దే. మిగిలిన పళ్ళ పక్కన జబ్బుని అలా వదిలేస్తే మటుకు ఆ ఆరు నెలల్లో ఇంకో పన్ను కదలొచ్చు. తొందరపడాల్సిన చోటు అది.

కదిలే ముందుపళ్ళు రెండూ పీకేయమన్న సలహాకి వెంటనే తల ఊపకండి. మీ ఎక్స్‌రే నేను చూడలేదు, ఉంచాలో తీయాలో ఇక్కడ కూర్చుని చెప్పలేను. అయితే పన్ను కదలడం ఒక్కటే పీకడానికి కారణం కాదు. చిగురుకి వైద్యం జరిగి వాపు తగ్గితే కదలిక తగ్గడం నేను ఎన్నోసార్లు చూశాను. కింద ముందుపళ్ళ దగ్గర చోటు ఇరుకు, ఎముక సన్నం. అక్కడ ఇంప్లాంట్ అంత తేలిక కాదు. పీకిన పన్ను మళ్ళీ పెట్టలేం. ఇంప్లాంట్ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. సొంత పన్ను పదేళ్ళు నిలిచే అవకాశం కొంచెం ఉన్నా దాన్ని కాపాడటానికి ప్రయత్నించే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇప్పుడు సిగరెట్. చెప్పక తప్పదా అన్నారు. తప్పదు, అన్నగారూ. దీనికి మర్యాదా నీతీ కంటే పెద్ద కారణం ఉంది. పొగ తాగేవాళ్ళ చిగుళ్ళలో రక్తనాళాలు సరిగ్గా స్పందించవు, జబ్బు లోపల ఎంత ఉన్నా రక్తం తక్కువ వస్తుంది. మీరు మానేశారనుకున్న డాక్టరు రక్తం తక్కువ చూసి జబ్బు తగ్గిందనుకుంటారు. అంటే మీరు దాచిన మాట వల్ల పరీక్షే తప్పుదారి పడుతుంది. ఇంప్లాంట్ ఎముకతో కలిసే తొలి నెలల్లో కూడా పొగ వల్ల విఫలమయ్యే ప్రమాదం పెరుగుతుంది. చిగుళ్ళ జబ్బు ఎంత వేగంగా ముదురుతుందో అంచనా వేసే ఇప్పటి పద్ధతిలో రోజుకి 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ సిగరెట్లు తాగినా, షుగర్ సగటు 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నా అన్నిటికంటే వేగంగా ముదిరే కోవలో వేస్తారు. షుగర్ వల్లే మీరు ఆ గీత దాటారు. సిగరెట్లలో ఇంకో రెండు మూడు దూరంలో ఉన్నారు.

డాక్టరుకి చెప్పడం తేలిక, ఒక్క నిమిషం పని. ఇంట్లో చెప్పడం కష్టం. అది ఎప్పుడు, ఎలా అన్నది మీ ఇష్టానికే వదిలేస్తున్నాను. ఒక్కటి ఆలోచించండి. అబ్బాయి రెండు లక్షలు పంపాక, ఇంప్లాంట్ ఊడాక తెలిస్తే వాడి మనసుకి తగిలే దెబ్బ వేరు. ఇప్పుడే, డబ్బు ఖర్చు కాకముందు, "నేను పూర్తిగా మానలేదురా, ఇప్పుడు మానాలనుకుంటున్నాను" అంటే వినే తీరు వేరు. మానడానికి ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ నంబరు ఉంది, 1800-11-2356. పొగాకు వ్యాపారానికి పేరుపడ్డ ఊళ్ళో, చుట్టూ అందరూ తాగుతుంటే ఒంటరిగా మానడం ఎంత కష్టమో నాకు తెలుసు. సాయం అడగడంలో తప్పేమీ లేదు.

ఇక మీ ముందున్న దారులు. విజయవాడ క్లినిక్ చెప్పినట్టు ఇప్పుడే ఐదూ పెట్టించుకోవడం ఒకటి. మామూలుగా ఇంప్లాంట్ ఎముకతో కలవడానికి కింద దవడలో మూడు నాలుగు నెలలు, పై దవడలో ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. ఐదు నెలల్లో అన్నీ అయిపోవాలంటే చిగుళ్ళ వైద్యాన్ని తగ్గించాలి, లేదా ఎముక కలవకముందే క్యాపులు బిగించాలి. 8.4 షుగర్‌తో, రోజుకి ఎనిమిది సిగరెట్లతో, 6 మిల్లీమీటర్ల సందులతో అలా చేయడం మీ విషయంలో ఎక్కువ ప్రమాదమున్న దారి. అబ్బాయి డబ్బు పోతుందేమోనన్న భయం నిజమయ్యేది ఎక్కువగా ఇక్కడే.

రెండోది, ముందు జబ్బు. లోతుగా శుభ్రం చేయించుకుని, రెండు మూడు నెలల తర్వాత మళ్ళీ ప్రతి పన్ను చుట్టూ కొలిపించుకోవడం. ఇంకా లోతుగా ఉన్న చోట్ల అవసరమైతే చిన్న ఆపరేషన్. ఈలోగా షుగర్ 7 దగ్గరికి తెచ్చుకోవడం. చిగుళ్ళకి వైద్యం జరిగితే షుగర్ కూడా కొంత దిగుతుంది, మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 వరకూ తగ్గుతున్నట్టు పరిశోధనల్లో తేలింది. ఆ కొలతలు బాగుంటే పెళ్ళి అయ్యాక, వేసవిలో, ఇంప్లాంట్ గురించి మాట్లాడుకోవచ్చు. అప్పుడు కూడా ఐదు అక్కర్లేకపోవచ్చు. కింద కుడివైపు రెండింటికి బదులు ముందున్న దవడపన్ను ఒక్కటి పెట్టినా నమలడం చాలామందికి సరిపోతుంది. ముందుపళ్ళు నిలిస్తే వాటి ఖర్చే ఉండదు.

బ్రిడ్జి, అంటే రెండు పక్కల పళ్ళ ఆసరాతో మధ్యలో పన్ను అతికించడం, ఆ సంగతి మీరు అడగలేదు కానీ చెప్పాలి. పైన పోయిన పంటికి అటూ ఇటూ ఉన్న పళ్ళు గట్టిగా ఉంటే బ్రిడ్జి పడుతుంది, ఆపరేషన్ ఉండదు. ఆ రెండు పళ్ళనీ అరగదీయాలి, అదే నష్టం. కింద కుడివైపు మటుకు వెనక ఆసరాకి పన్ను లేదు కాబట్టి మామూలు బ్రిడ్జి కుదరదు. అక్కడ తీసి పెట్టుకునే పళ్ళు పెట్టుకోవచ్చు. లోహపు పట్టీతో చేసేవి ప్లాస్టిక్ వాటికంటే పల్చగా, గట్టిగా ఉంటాయి. రాత్రి తీయాలి, తిన్నాక కడగాలి, కొక్కెం పట్టిన పన్ను దగ్గర పాచి చేరకుండా చూసుకోవాలి. కొందరికి నచ్చవు, కొందరు వాటితోనే ఆవకాయ ముక్క నమిలేస్తున్నారు. ఖర్చు ఇంప్లాంట్ కంటే చాలా తక్కువ.

ఏమీ పెట్టించుకోకుండా కింద ఖాళీని అలాగే ఉంచడం కూడా ఒక దారే. ఎడమవైపు నమలడం హాయిగా ఉంటే పైనున్న పన్ను కిందికి దిగుతోందేమో ఏడాదికోసారి చూపించుకుంటూ ఉండొచ్చు. ఇది ఓటమి కాదు. మూడు నెలలకోసారి రావడం మీ పనిగంటలకి కుదరదని మీకే గట్టిగా తెలిస్తే, ఇంప్లాంట్ కంటే ఈ దారే మంచిదంటాను.

ఒకవేళ ఇంప్లాంట్ వైపే వెళ్తే, పెట్టే డాక్టరుని కొన్ని అడగాలి. క్యాప్ జిగురుతో అతికిస్తారా, స్క్రూతో బిగిస్తారా? జిగురు చిగురు కింద మిగిలిపోతే వాపు తెప్పించొచ్చు, స్క్రూ అయితే అవసరమైనప్పుడు విప్పి శుభ్రం చేయొచ్చు. క్యాప్ కింద సందుల్లో తోమే చిన్న బ్రష్ దూరేంత చోటు ఉంచుతారా? చాలా ఇంప్లాంట్లు చెడేది అందమైన క్యాప్ కింద బ్రష్ దూరక. క్యాప్ బిగించిన రోజు ఎక్స్‌రే తీసి నాకు ఇస్తారా? ముందుముందు ఎముక తగ్గిందా లేదా చెప్పగలిగేది ఆ ఎక్స్‌రేతో పోల్చి చూస్తేనే. ఇంప్లాంట్ కంపెనీ, సైజు రాసిన కార్డు కూడా తీసుకోండి. మూడు నెలలకోసారి చూసే ఖర్చు ఎంతో ముందే అడిగి, అబ్బాయికి చెప్పే లెక్కలో కలపండి. ఎముకలు గుల్లబారినందుకు ఎప్పుడైనా మందులో, ఇంజెక్షనో తీసుకుని ఉంటే అది కూడా తప్పకుండా చెప్పండి. కొన్ని రకాల మందుల వల్ల దవడ గాయం మానకపోవచ్చు.

పెట్టాక ఆ చోట తోమితే రక్తం వస్తే, అదే రోజు ఫోన్ చేయాలి. వాపు చిగురు వరకే ఉన్నప్పుడు తగ్గించే వీలుంది. ఎముక పోయాక తిరిగి మామూలు చేయడం చాలా కష్టం.

డబ్బు తక్కువలో నమ్మకమైన రెండో మాట కావాలంటే, గుంటూరు పక్కన తక్కెళ్ళపాడులో, గన్నవరం దగ్గర చినఅవుటపల్లిలో డెంటల్ కాలేజీలున్నాయి, విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. ఓపీలో చిగుళ్ళ విభాగం, పెరియోడాంటిక్స్, అని అడగండి. ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల కొలిచి రాసిన చార్టు ఇవ్వమని అడగండి. మీ దగ్గర ఎక్స్‌రేలున్నాయి కానీ ఆ చార్టు లేదు. నేను ముందుగా చూడాలనుకునేది ఆ కాగితమే.

విజయవాడ క్లినిక్‌కి ఫోన్ చేసి, చిగుళ్ళ వైద్యం అయ్యాక వస్తానని, అప్పటిదాకా అడ్వాన్స్ అలాగే ఉంచమని అడగండి. చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే పదివేలు పోతాయి. ఆ పదివేల కోసం రెండు పళ్ళు పీకించుకోకండి. అబ్బాయికి మటుకు ఇవాళే చెప్పండి, డబ్బు ఇప్పుడే పంపొద్దని, వేసవి దాకా తన దగ్గరే ఉంచమని.

మూడు నెలల తర్వాత రెండో చార్టు చేతికొస్తుంది. అందులో 5, 6 అంకెలు ఎన్ని తగ్గాయో, షుగర్ ఎంతుందో, సిగరెట్లు ఎన్నికి వచ్చాయో నాకు రాయండి. అప్పుడు ఇంప్లాంట్ గురించి మళ్ళీ మాట్లాడుకుందాం. అమ్మాయి పెళ్ళికి నా ఆశీస్సులు.